పడవ ముక్కు బాల్కనీ

ఆ ఉదయం ఆకాశం కురిసేలాగా లేదు, తెరిపిచ్చేలాగా లేదు. సముద్రం మీద బూడిదరంగు మబ్బొకటి పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. సూర్యుడు దాని అంచు దాకా వచ్చి, ఒకసారి చూసి, మళ్ళీ లోపలికే పోయాడు. పోర్టు వైపు నుంచి వీచే గాలిలో ఇనప ఖనిజం దుమ్ము కలిసి, మబ్బు అడుగంతా తుప్పు పట్టినట్టు కనిపించింది.

శ్లాబు పోసే రోజున మబ్బు పడితే ఇంటాయన దేవుడికి మొక్కుకుంటాడు, మేస్త్రి పరదాలు వెతుక్కుంటాడు. సన్యాసిరాజు రెండూ చెయ్యలేదు. గొడుగుని చేతికర్రలా ఆనించుకుని నిలబడి, కాలేజీ నుంచి అప్పుడే దిగిన కుర్ర ఇంజనీర్ని చూసినట్టు ఆ మబ్బుని చూశాడు.

"ఇది ఉరుముతాది గానీ కురవదు బావా," అన్నాడు తాపీమేస్త్రి వరహాలుతో. "డిగ్రీ సదివిన మబ్బు."

వరహాలు నవ్వాడు. ముప్ఫయ్యేళ్ళుగా అతను ఈ బావ మాటలకి నవ్వుతూనే ఉన్నాడు. తాపీ పట్టడం ఎలాగో అదీ అలాగే, మేస్త్రి పనిలో భాగం అనుకున్నాడు.

తొంభై ఎనిమిది వైశాఖం అది. ఇల్లు నాగబాబుది, కట్టేది సన్యాసిరాజు. జాలరిపేటలో, రేవుకి కూతవేటు దూరంలో, రెండంతస్తులు.

సన్యాసిరాజుకి అప్పటికి యాభై తొమ్మిది. తగరపువలస అవతల పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆ పైన చదవడానికి ఆ ఊళ్ళో తరగతి లేదు. పదహారో ఏట విశాఖపట్నం వచ్చి, వన్ టౌన్‌లో పాత బంగళాలు కూల్చే ముఠాలో కూలికి చేరాడు. అవన్నీ విక్టోరియా రాణి కాలం నాటి కట్టడాలు. రంగూను టేకు దూలాలు, గుల్ల సున్నం గోడలు. లోకంలో అందరూ ఇళ్ళు కట్టి కట్టి నేర్చుకుంటే ఇతను కూల్చి నేర్చుకున్నాడు. ఏ దూలం తీస్తే ఏది ఒరుగుతుందో, గోడలో ఏ రాయి బరువు మోస్తోందో, ఏ రాయి మోస్తున్నట్టు నటిస్తోందో చేత్తో తడిమి చెప్పగలిగేవాడు.

ఒక బంగళా మాత్రం కూలడానికి నలభై రోజులు తీసుకుంది. గునపం దిగదు, గోడ ఊడదు. దాని పునాదిలో రాణి బొమ్మ వెండి రూపాయి దొరికితే ముఠా మేస్త్రి రొంటిన దోపుకున్నాడు. సన్యాసిరాజుకి దక్కింది కాపలా ముసలాడు చెప్పిన కథ. ఆ బంగళా కట్టింది దొర కాదట. దొర దగ్గర గొడుగు పట్టిన బంట్రోతట. అక్షరం ముక్క రాదు. దొర మెట్లెక్కుతుంటే వెనకాల మెట్లు లెక్కపెట్టుకుంటూ, గుమ్మం దాటుతుంటే జానతో కొలుచుకుంటూ నేర్చుకుని, తర్వాత ఊళ్ళో సగం బంగళాలు అతనే కట్టాడట. నిజమో అబద్ధమో సన్యాసిరాజు కనుక్కోలేదు. నమ్మడానికి బాగుంది, నమ్మాడు.

ఆ బలం మీదే గోపాలపట్నం నుంచి పెందుర్తి దాకా రెండొందల పైచిలుకు ఇళ్ళు కట్టాడు. కాగితం మీద గీత గీసి ఎరగడు. ఖాళీ స్థలంలో సున్నం పొడితో ఇంటంత ముగ్గు పోసి, ఆ ఇంటి ఇల్లాలిని అందులో నడవమనేవాడు. "అమ్మా, ఇది వంటిల్లు. అన్నం వార్చు," అనేవాడు. ఆమె సిగ్గుపడుతూ గాలిలో గంజి వార్చేది. ఎటు తిరిగిందో, మోచెయ్యి ఏ గీత దాటిందో చూసి, కాలితో ఆ గీత చెరిపి అడుగు అవతల మళ్ళీ గీసేవాడు. మగవాళ్ళని ఎప్పుడూ నడవమనలేదు. "మొగోడికి ఇల్లేటి, మంచం పడితే సాలు," అనేవాడు. మునిసిపాలిటీ కాగితాల మీద సంతకం ఎవరో లైసెన్సు ఉన్నాయన పెట్టేవాడు. ఆ సంతకాన్ని సన్యాసిరాజు ఎంగిలి అనేవాడు.

అతనికి కిట్టని వాళ్ళ జాబితా పొడుగు. ఇంజనీర్లంటే కిట్టదు, ఇల్లు నిలబడ్డమే తెలుసు, పడ్డం తెలీదని. వాస్తు సిద్ధాంతులంటే కిట్టదు, కట్టేదాకా నోరు మూసుకుని, శ్లాబు పడ్డాక వచ్చి మెట్లు మార్చమంటారని. అందరికంటే ఎక్కువగా, కొత్తగా డబ్బు చూసినవాళ్ళంటే కిట్టదు. వాళ్ళ వల్లే ఊరంతా ఇళ్ళకి పెళ్ళిపందిరి స్తంభాలొచ్చాయి. గేటు మీద సింహాలొచ్చాయి. ఒకాయన నీళ్ళ ట్యాంకుని విమానంలాగా కట్టించుకుని, రెక్కల మీద బట్టలారేసుకుంటున్నాడు. ఆ వీధిలో నడవాల్సి వస్తే సన్యాసిరాజు గొడుగు విప్పుకుని నడిచేవాడు, ఎండ లేకపోయినా.

ఎంత నోరున్నా అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేకపోయేవారు. అతను కట్టిన ఇంటికి గోడ బీట తీసిందని గానీ, కప్పు కారిందని గానీ ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చదువు లేదు, బోర్డు లేదు, సంతకం లేదు. ఉన్నది ఆ పేరొక్కటే. అది పోతే అతను మళ్ళీ గునపం పట్టుకున్న కూలివాడే. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు.

నాగబాబుకి రెండు మరబోట్లు. రొయ్య కలిసొచ్చింది. ఇంటికి ముగ్గు పోస్తున్న రోజునే తన కోరిక బయటపెట్టాడు.

"రాజుగారండి, మేడ మీద బాల్కనీ పడవ ముక్కులాగ రావాలండి. ఏడడుగులు ముందుకి, ఈది మీదకి."

"ఎందుకు?"

"మా ఈశ్వరి నిలబడితే రేవు కనబడాల."

"రేవు కనబడాలంటే రేవుకెళ్ళమను. నాలుగంగలు."

నాగబాబు భార్య ఈశ్వరి అప్పటిదాకా ముగ్గులో ఉత్తుత్తి పొయ్యి మీద చేపలు వేయిస్తోంది. ఆ పని ఆపకుండానే అంది, "నాను రేవు సూడ్డానికి కాదండి. రేవు నన్ను సూడ్డానికి. ఇరవయ్యేళ్ళు ఆ రేవులో గంప నెత్తినెట్టుకుని తిరిగినాను."

సన్యాసిరాజు చిరాకు పడి గొడుగుతో నేల పొడిచాడు. 

"అయితే కింద రెండు స్తంభాలు లేపాల."

"పడవకి కాళ్ళేటండీ," అన్నాడు నాగబాబు. "నలుగురూ నవ్వరేటి? అయినా ఈ సందులోకి ఐసు లారీ ఎనక్కొస్తాది. కాళ్ళెడితే అది రోజుకోసారి గుద్దుతాది."

రెండో మాట నిజమే. సన్యాసిరాజు సరే అన్నాడు. ముందుకి వేలాడే బాల్కనీ అతను అంతకుముందు ఒక్కటీ కట్టలేదు. పాత బంగళాల్లో బాల్కనీల కింద టేకు బ్రాకెట్లుండేవి, ఇనుమన్నది ఉండేది కాదు. అతని ఇళ్ళన్నింట్లోనూ బాల్కనీ కింద స్తంభాలున్నాయి. ఇదెలా కడతారో ఎవర్నయినా అడిగితే పోయేది. అడగడం అతనికి రాదు.

ఇంట్లో అడగదగ్గ మనిషి ఒకర్తి ఉంది. కూతురు హిమబిందు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఒక ఇంజనీరు ఆఫీసులో ప్లాన్లు గీస్తోంది. తల్లి పోయి నాలుగేళ్ళు. పొద్దున్నే వండి, తండ్రికి క్యారేజీ కట్టి, తను బస్సెక్కుతుంది. కూతురు కాగితం మీద గీసిన ఇళ్ళని సన్యాసిరాజు ఒక్కసారే చూశాడు. "అందంగా ఉన్నాయి. వీటిలో సీమలు కాపరముంటాయి," అన్నాడు. ఆ తర్వాత ఆమె చూపించలేదు.

శ్లాబుకి ముందురోజు ఆదివారం. హిమబిందే క్యారేజీ పట్టుకుని పేటకొచ్చింది. సెంట్రింగు చెక్కల మీద ఇనప ఊచలు కట్టే పని అయిపోవస్తోంది. నిచ్చెనెక్కి పైకొచ్చి, క్యారేజీ చేతిలో ఉండగానే బాల్కనీ వైపు చూసింది.

"నాన్నా, బాల్కనీకి ఊసలు అడుగున కట్టించీసావు. పైన ఉండాల."

ఊచలు కడుతున్నవాళ్ళ చేతులు ఆగాయి.

"ఎందుకు?"

"అది ముందుకి ఏలాడతాది గదా. లాగుడంతా పైనే. పుస్తకంలో కూడా—"

"అద్దీ. పుస్తకం." సన్యాసిరాజు వరహాలు వైపు తిరిగాడు. "బావా, మూట మోసీవోడు మూట కిందుంటాడా, మూటెక్కి కూకుంటాడా?"

"కిందే ఉంటాడు."

"మా అమ్మాయి మూడేళ్ళు పీజు కట్టి మూటెక్కడం నేర్సుకున్నాది."

పది మంది ఉన్నారక్కడ, పది మందీ నవ్వారు. తట్టలందించే ఆడవాళ్ళు కూడా నవ్వారు. హిమబిందు ఎర్రబడలేదు, ఏడవలేదు. క్యారేజీని ఇటుకల మీద పెట్టి, మూత బిగిసిందో లేదో చూసి, నిచ్చెన దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తండ్రికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

అదీ ముందురోజు సంగతి. శ్లాబు రోజున మబ్బు నిజంగానే కురవలేదు. కాంక్రీటు కలిపే మిల్లరు పొద్దున్నించీ గొంతు చించుకుంది. తట్టలు చేతులు మారుతూ పైకెళ్ళాయి. బాల్కనీని అన్నింటికంటే ఆఖర్న పోశారు. ముక్కు దగ్గర పలకలు వంపు తిప్పి, నిజం పడవ కంటే బాగా తీర్చాడు వరహాలు. సాయంత్రం నాగబాబు వేటపోతు కూరతో అందరికీ భోజనం పెట్టాడు. శ్లాబు రోజు పెట్టకపోతే ఇల్లు ఆకలిమీదుంటుందంటారు. సన్యాసిరాజుకి కొత్త కండువా కప్పి, "ఇంజనీర్లు పనికిరారండి ఈయన ముందు," అన్నాడు. సన్యాసిరాజు కాదనలేదు.

ఇరవై ఒకటో రోజుకి సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. ఆ పూట బాల్కనీ కింద ఆనించిన సరుగుడు కర్రలు లాగేసి, పేట పెద్దలూ నాగబాబు చుట్టాలూ అందరూ ఆ పడవ ముక్కులో నిలబడి ఫొటో దిగాలి. ఫొటోగ్రాఫరుకి చెప్పేశారు కూడా.

పద్నాలుగో రోజున సన్యాసిరాజు తలుపుల బందులు కొనడానికి గోపాలపట్నం బస్సెక్కాడు. హైవే వెడల్పు చేస్తున్నారు. రోడ్డు పక్క ఇళ్ళ మొహాలు కోసేసి ఉన్నాయి. మెట్లు ఎక్కడికీ వెళ్ళకుండా ఆగిపోయాయి. గోడల మీద క్యాలెండర్లు రోడ్డు చూస్తున్నాయి. కూల్చిన ఇల్లు కనబడితే అతని కళ్ళు వాటంతటవే దాని పొట్టలోకి పోతాయి. కిటికీ పక్క కూర్చుని, ఎవడి గోడలో ఎంత మట్టి ఉందో చూసి ముక్కు విరుస్తూ వస్తున్నాడు. అలా చూస్తుండగా ఒక మేడకి సగం విరిగిన బాల్కనీ కనిపించింది. విరిగిన చోట ఊచలు మీసాల్లా ముందుకి వేలాడుతున్నాయి. పైపెదవి మీద మీసాల్లా, పైనే ఉన్నాయి. అడుగున ఒక్కటి లేదు.

టిక్కెట్టు ఇంకా రెండు స్టాపులుంది. దిగిపోయాడు.

కూల్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళి సుత్తీ ఉలీ అడిగాడు. ముఠా మేస్త్రి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏటి ముసిలాయనా, పాతినప సామానుకా? అది కంట్రాటరు అట్టుకుపోతాడు, నీకు రాదు."

ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ సన్యాసిరాజుని అలా పలకరించలేదు. దులుపుకుని, పక్కనున్న సుత్తి తనే తీసుకున్నాడు. ఆ బాల్కనీ అడుగు కొట్టి చూశాడు, కాంక్రీటే. పై భాగం కొట్టాడు, రెండంగుళాలు దిగకుండానే ఉలి ఖంగుమంది. పక్క మేడ దగ్గరికి పోయాడు. అక్కడా పైనే. మూడోది కిటికీ మీద చిన్న సన్‌షేడు, జానెడు. దానికి కూడా పైనే. ఎవడో పేరు తెలీని మేస్త్రి, జానెడు సన్‌షేడుకి కట్టినవాడు కూడా, పైనే కట్టాడు.

అక్కడున్న ఇటుకల గుట్ట మీద కూలబడ్డాడు. పక్కన తట్టలో ఇటుక ముక్కలు ఎత్తుతున్న ముసలామె ఒకామె, దేముడమ్మ, అతను సుత్తి పట్టుకుని అలా కూర్చోవడం చూసి ఎండదెబ్బ అనుకుంది. నీళ్ళిచ్చింది. తాగాక అడిగాడు. కూతుర్ని అడగనిది, ఇంజనీర్లని అడగనిది, ఆమెని అడిగాడు.

"అమ్మా, ఈ ముందుకేలాడీ వాటికి ఊసలు పైనెందుకు కడతారు?"

"అది తెల్డానికి సదువేటి బాబూ," అందామె. ఇటుకలున్న తట్టని ఒక చేత్తో ముందుకి చాపి పట్టుకుంది. "ఇదుగో, ఇలగ పట్టుకుంటే యాడ లాగుతాది? బుజం మీద లాగుతాది. సంక కింద లాగుతాదేటి?"

తట్ట దింపి, పనిలోకి పోయింది. సన్యాసిరాజు తన చెయ్యి తను చాపి చూసుకున్నాడు. తర్వాత గొడుగు చివర పట్టుకుని చాపాడు. చూసేవాళ్ళకి పిచ్చివాడిలా ఉన్నాడు. భుజమే లాగింది. బందులు కొనకుండానే వెనక్కి బస్సెక్కాడు.

పేటలో వరహాలు మేడ మీద నీళ్ళు కొడుతున్నాడు. సన్యాసిరాజు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. వరహాలు పైపు పక్కన పడేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నాకు అప్పుడే అనుమానం తగిలినాది బావా."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు యింటావేటి? నవ్వమన్నావు, నవ్వీసాను."

ఇద్దరూ అంచు దాకా వెళ్ళి ఆ పడవ ముక్కుని చూశారు. ఎక్కడా గీత లేదు, వంక లేదు. ముచ్చటగా ఉంది. దాని కింద పిల్లలు సరుగుడు కర్రల మధ్య దాగుడుమూతలాడుతున్నారు.

వరహాలే ఉపాయం చెప్పాడు. "కింద రెండు కాళ్ళు లేపీద్దాం. సిద్ధాంతిగారి చెవిలో ఒక్క మాటేస్తే సాలు. వాయవ్యం గాల్లో ఏలాడతంది, కాళ్ళు పడకపోతే ఇంటోడికి మంచిది కాదనీస్తాడు. నాగబాబు నోరెత్తడు. ఊసల మాట నీకూ నాకూ తప్ప మూడోవోడికి తెలీదు."

అది పారే ఉపాయమే. సిద్ధాంతి చెబితే నాగబాబు పడవకి కాళ్ళే కాదు, తోక కూడా పెట్టిస్తాడు. సన్యాసిరాజు పేరు పేరులాగే ఉంటుంది. అతను కిందికి చూశాడు. ఐసు లారీ ఒకటి సందులోకి వెనక్కి వస్తోంది. క్లీనరు బండి వెనక బాదుతూ అరుస్తున్నాడు. లారీ వెళ్ళి వెళ్ళి సరుగుడు కర్రకి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఆర్నెల్లు," అన్నాడు సన్యాసిరాజు. "ఆర్నెల్లలో ఆ లారీ కాలు ఇరగ్గొడతాది. ఆ రోజు పైనెవులుంటారో, కిందెవులుంటారో."

"అప్పుటికి మనమేటి సేత్తాం."

"అదీగాక, ముప్పయ్యేళ్ళు ఆ సిద్ధాంతిగాడి మాట యినకుండా కట్టాను. ఇప్పుడు ఆడి పంచె ఎనకాల దాక్కోమంటావా?"

అతన్ని కదిలించింది ఈ రెండో మాటే కావచ్చు. జనం ప్రాణాల కోసమే నిజం చెప్పాడని ఎవరైనా అంటే అతనే ఒప్పుకోడు. ఒక పనికిమాలిన మనిషి వెనక దాక్కోవడం కంటే తనే పనికిమాలినవాడు కావడం నయమనుకున్నాడు. ఆ రాత్రి కూతురు అన్నం పెడితే తిని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సమ్మెట భుజాన వేసుకుని పేటకొచ్చాడు. నాగబాబుని వీధిలోకి పిలిచాడు. పేటలో వీధిలోకి పిలిస్తే ఇరుగుపొరుగు కూడా వస్తారు. వలలు అల్లేవాళ్ళు వలలతోనే వచ్చారు.

"నాగబాబూ, బాల్కనీ కొట్టీయాల."

నాగబాబు నవ్వబోయి, సమ్మెట చూసి ఆగాడు. "ఎందుకండి?"

"ఊసలు పైన కట్టాల. నాను అడుగున కట్టించాను."

"అడుగునుంటే ఏటవుద్ది?"

"కర్రలు తీసిన రోజు నిలబడితే నిలబడొచ్చు. ఇరవై మంది ఎక్కిన రోజు ఇరిగి ఈదిలో పడతాది."

నాగబాబు మేడకేసి చూశాడు, మనిషికేసి చూశాడు. "మీకెవులు సెప్పారు?"

"మా అమ్మాయి."

"ఎప్పుడు?"

"శ్లాబుకి ముందురోజు."

వీధిలో ఎవరో నాలుక చప్పరించారు. నాగబాబు గొంతు తగ్గింది. తగ్గిన కొద్దీ అందులోంచి మర్యాద కూడా పోయింది.

"ముందురోజు సెప్తే నువ్వేటి సేసినావు?"

"నవ్వాను. అందర్నీ నవ్వించాను."

"ఐదో తరగతోడికి ఇల్లిచ్చినావేటని మావోళ్ళు అడిగారు. నాను అదీ సదవలేదు, అయినా బోటు నడపట్లేదేటి అన్నాను. కండువా కప్పాను నీకు." నాగబాబు ఉమ్మేశాడు, అతని మీద కాదు, పక్కకి. "మరి నీకొచ్చిందేటి రాజుగారూ?"

"కూల్చడం వచ్చు," అన్నాడు సన్యాసిరాజు.

వేళాకోళం కాదది. నిజంగానే చెప్పాడు. వలలు అల్లేవాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. తర్వాత ఇంకొకడు. శ్లాబుకి ముందురోజు మేడ మీద నవ్విన నవ్వు లాంటిదే. ఇప్పుడది ఎక్కడ తగులుతుందో సన్యాసిరాజుకి తెలిసింది. నిలబడి వాళ్ళని నవ్వనిచ్చాడు.

"ఊసలూ సిమెంటూ నాను తెత్తాను. కొట్టీది కూడా నానే," అన్నాడు నవ్వులు తగ్గాక.

ఈశ్వరి గుమ్మంలోంచి అంతా వింది. ముందు కర్రల కింద ఆడుతున్న పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఇవతలికి లాగింది. తర్వాత మొగుడితో అంది. "ఈయన కొడతాడు, సరే. మళ్ళీ కట్టీది ఎవులు? ఈయనేనేటి? బండి తీసికెళ్ళి ఆ అమ్మాయిని తీసుకురా."

సన్యాసిరాజు వైపు చూడకుండానే ఆ మాట అంది. అతను కూడా విననట్టే నిచ్చెనెక్కాడు.

కర్రలు కర్రల్లాగే ఉండగా, ముక్కు చివర నుంచి మొదలుపెట్టాడు. పదిహేను రోజుల కాంక్రీటు రాయి అయిపోయింది. మంచి పాళ్ళు, మంచి ఇసక, రెండు పూటలా నీళ్ళు. ఇంత గట్టి పని ఎవడు చేశాడ్రా అని తిట్టుకుంటూ కొట్టాడు. మూడు దెబ్బలకి పెచ్చు లేచేది. వరహాలు కాసేపు చూసి రెండో సమ్మెట పట్టాడు. ఇద్దరూ మార్చి మార్చి వేశారు. కింద వీధిలో జనం పలచబడ్డారు. పడేది ఒక్కసారిగా పడకపోతే చూసేవాళ్ళకి విసుగు.

వంపు తిప్పిన ముక్కు ముందు పోయింది. పదకొండింటికి నాలుగడుగులు పోయాయి. ఊచలు అడుగున బయటపడ్డాయి, శుభ్రంగా, వరస తప్పకుండా, కట్టిన కట్టు కట్టినట్టే. తప్పుని అంత పొందిగ్గా చేసినవాడు ఊళ్ళో ఇంకొకడు ఉండడు.

నాగబాబు స్కూటరు వెనక హిమబిందు వచ్చింది. ఆఫీసు చీర, భుజానికి సంచీ. నాగబాబు దారిలో అంతా చెప్పే ఉంటాడు. నిచ్చెనెక్కి పైకొచ్చింది. తండ్రి ఒళ్ళంతా సిమెంటు పొడి, కనుబొమలు కూడా తెల్లగా. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. అతను సమ్మెట దింపాడు. ఏదైనా అంటుందని నిలబడ్డాడు. అంటే పడదామనే నిలబడ్డాడు.

ఆమె వంగి, బయటపడ్డ ఊచని వేలితో తట్టింది. సంచీలోంచి టేపు తీసి, బాల్కనీ మొదలు నుంచి లోపలి గది శ్లాబు మీదికి కొలిచింది. సుద్దముక్కతో అక్కడ అడ్డంగా గీత గీసింది.

"ఇక్కడి దాకా కొట్టాల," అంది. "కొత్త ఊసలు ఎనక్కి ఇంత దూరం దిగాల. లేపోతే అవీ ఊడొస్తాయి."

లోపలికి ఎనిమిదడుగులుంది ఆ గీత. తెల్లారి నుంచి కొట్టిందంతా సగం కూడా కాదు. వరహాలు ఆ గీతని చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. సన్యాసిరాజు ముందుకి వచ్చాడు. గీత ఏ కొసన మొదలైందో, ఏ కొసన ఆగిందో వంగి చూసుకున్నాడు. సమ్మెట ఎత్తాడు.

"ముందు దిగండి," కింద నుంచి ఈశ్వరి కేకేసింది. "అన్నం వండీసాను."

ఎవరికీ తినాలని లేదు. కానీ తమ ఇంట్లో పని చేసినవాడు పస్తు పోతే ఆమె ఊరుకోదు. ఆ పని ఇల్లు కట్టడమైనా కూల్చడమైనా ఆమెకి ఒకటే. గచ్చు చెయ్యని హాల్లో, సిమెంటు సంచులు దులిపి పరిచింది. వరహాలు కూర్చున్నాడు. హిమబిందు చీర కుచ్చిళ్ళు ఎగదోపి కూర్చుంది. సన్యాసిరాజు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటే చిట్లిన బొబ్బలు మండాయి. వచ్చి, కాస్త దూరంగా గోడ పక్కన కూర్చోబోతే ఈశ్వరి కంచం అక్కడ పెట్టలేదు, కూతురి పక్కన పెట్టింది. అక్కడే కూర్చున్నాడు.

నాగబాబు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి వచ్చి, ఎదురుగా కూలబడ్డాడు.

వేడి అన్నం, కవ్వళ్ళ చేపల పులుసు. పైనుంచి అప్పుడప్పుడు ఒక పెచ్చు ఊడి వీధిలో పడుతోంది.  చిట్లిన వేళ్ళకి పులుసులో కారం తగులుతోంది. సన్యాసిరాజు చిన్న చిన్న ముద్దలు చేసుకుంటున్నాడు. హిమబిందు తలెత్తకుండా ముళ్ళు ఏరి కంచం అంచున వరసగా పెట్టుకుంటోంది. నాగబాబు నములుతున్నాడు, అతని చూపు మాత్రం పై కప్పు మీదే ఉంది.

ఈశ్వరి రెండోసారి అన్నం తెచ్చి సన్యాసిరాజు ముందు వంగింది. అతను కంచం ముందుకి జరిపాడు. ఆమె వడ్డించి, పులుసు పోసి, పక్క కంచానికి జరిగింది.